కూలిన కంప్యూటరు చెప్పు సాక్ష్యము

మనిషి అకస్మాత్తుగా మరణించినచో కారణమును తెలిసికొనుటకు వైద్యులు శవపరీక్ష చేయుదురు. పనిచేయుచున్న కంప్యూటరు హఠాత్తుగా కూలిపోయినప్పుడు కూడ అట్టి పరీక్ష ఒకటి కలదు. యూనిక్స్ వ్యవస్థలలో ఆ పరీక్షకు ఆధారము “క్రాష్ డంపు”. దీనివలన లోపము నిజముగా బయటపడునా? పడినచో ఎంతవరకు?

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మున్నగువారి కృషివలన పుట్టినది. నేటి లినక్స్ దాని పోలికతో నిర్మింపబడినదే. ఇట్టి వ్యవస్థకు గుండెకాయవంటి ప్రోగ్రామును కర్నెలు అందురు. స్మృతిని పంచుట, డిస్కులను నడుపుట దాని విధులు. మామూలు ప్రోగ్రాము తప్పు చేసినచో కర్నెలు దానిని మాత్రమే ఆపివేయును. తక్కినవి నడచుచునే యుండును. కాని తప్పు కర్నెలులోనే పుట్టినచో దిద్దువారెవరు? తన లెక్కలు పొంతన తప్పినవని గ్రహించిన కర్నెలు, ఇంకను సాగినచో డిస్కులోని సమాచారము పాడగునని, తనంతట తానే ఆగిపోవును. ఈ స్థితికి “పానిక్” అని పేరు.

ఆ క్షణమున స్మృతిలోనున్న అంకెలను చెదరకుండ వ్రాసి యుంచినదే డంపు. తొలి యూనిక్స్ నడచిన పీడీపీ-11 యంత్రములపై, నిర్వాహకుడే మీటలు వేసి స్మృతిని అయస్కాంత టేపుపైకి ఎక్కింపవలసి యుండెను. లినక్స్‌లో 2005 నుండి మరియొక ఉపాయము కలదు. కూలిన కర్నెలును నమ్మరాదు గనుక, ముందే ప్రత్యేకించిన స్మృతిభాగములో రెండవ కర్నెలు మేల్కొని, మొదటిదాని స్మృతిని భద్రపరచును.

డంపును చదువుట ఎట్లు? ఒక ఉపప్రోగ్రాము మరొకదానిని పిలుచునప్పుడు, తిరిగి రావలసిన చోటి చిరునామా స్టాక్ అను భాగములో నమోదగును. ఈ చిరునామాలను వరుసగా వెనుకకు చదివినచో, కర్నెలు ఏ దారిన నడచి పడిపోయినదో తెలియును. అయితే ఏ చిరునామా ఏ ఉపప్రోగ్రామునకు చెందునో చెప్పు పట్టిక ఆ కర్నెలుదే కావలెను. వేరొకదాని పట్టికతో చదివినచో తప్పు పేర్లు వచ్చును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. పడిన చోటు వేరు, దెబ్బ తగిలిన చోటు వేరు. ఒక డ్రైవరు తాను విడిచిన స్మృతిఖండములో పొరపాటున మరల వ్రాసినదనుకొందము. ఆ ఖండము అప్పటికే ఫైళ్ళను చూచు భాగమునకు చేరియున్నది. కొంతసేపటికి ఆ భాగము తన అంకెలు తారుమారైనవని పానిక్ చేయును. స్టాక్ నిర్దోషిని చూపును. దోషి ఎన్నడో తప్పుకొన్నది.

దీనికి విరుగుడు కలదు. పరీక్షకై అమర్చిన లినక్స్ కర్నెలు, విడిచిన స్మృతిలోని బైట్లను 107 అను సంఖ్యతో నింపును. ఖండమును మరల ఇచ్చుటకు ముందు ఆ సంఖ్య చెదరలేదు గదా యని చూచును. చెదిరినచో, విడిచిన పిమ్మట ఎవరో వ్రాసినారని తేలును. ఆ ఖండమును చివరిసారి విడిచినదెవరో నమోదు చేయు ఏర్పాటు కూడ కలదు.

తప్పు ప్రోగ్రాముది కాక యంత్రముదైనచో? సున్న ఉండవలసిన చోట 4096 కనబడినదనుకొందము. అది 2 యొక్క 12వ ఘాతము. అనగా ఒక్క బిట్టు మాత్రమే తిరుగబడినది. ఇది స్మృతిచిప్పుపై అనుమానము కలిగించును గాని, ఒక్క డంపుతో తీర్పు చెప్పరాదు. పలు డంపులను పోల్చవలెను. అన్నియు ఒకే చోట ఒకే విధముగా కూలినచో ప్రోగ్రామును, పొంతనలేక తలకొక చోట కూలినచో యంత్రమును ముందుగా పరీక్షించుట మేలు.

విద్యుత్తు పోయినచో డంపే యుండదు. వ్యవస్థ కూలక, కదలక స్తంభించినచో డంపును బలవంతముగా తీయవలెను. స్మృతిలోని రహస్యపదములు కూడ డంపులో ఉండవచ్చును గనుక దానిని ఎవరికి బడితే వారికి ఈయరాదు.

కనుక డంపు తీర్పు కాదు, సాక్ష్యము. దానినిబట్టి ఒక ఊహ చేసి, ఆ ఊహను మరల పరీక్షించి నిర్ధారించుకొనవలెను. సాక్ష్యమును భద్రపరచక యంత్రమును తిరిగి నడిపినచో పని సాగవచ్చును. కారణము మాత్రము లోపలనే దాగి, మరియొకనాడు మరల కూల్చును.