చేతిలోని ఫోను కూడా అమానతే

అమానత్ అనగానే మనకు పొరుగువారు దాచమని ఇచ్చిన సొమ్మో, హజ్ యాత్రకు వెళ్తూ బంధువు అప్పగించిన ఇంటి తాళంచెవో గుర్తుకొస్తుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కా విడిచి హిజ్రత్‌కు బయలుదేరిన రాత్రి ఆయన ప్రాణానికే ముప్పు ఉంది. అయినా తన వద్ద ప్రజలు దాచుకున్న అమానతులను ఎవరివి వారికి ముట్టజెప్పే బాధ్యతను హజ్రత్ అలీ (రజి)కి అప్పగించి మరీ బయలుదేరారు. ప్రాణాలు తీయడానికి పొంచి ఉన్నవారి బంధుమిత్రుల సొమ్ము కూడా అందులో ఉంది. అమానత్ విలువ అంతటిది.

నేడు ప్రతి ఇంటా ఒక కొత్త అమానత్ చేరింది. అదే సెల్‌ఫోను. అందులో మన బ్యాంకు ఖాతా ఉంది. ఆధార్ ఉంది. ఇంటి ఆడవారి ఫోటోలు ఉన్నాయి. మనల్ని నమ్మి నంబరు ఇచ్చిన వందలాది మంది వివరాలూ ఉన్నాయి. కనుక ఫోను పోతే మనం ఒక్కరమే నష్టపోము. మనల్ని నమ్మినవారూ నష్టపోతారు.

మన ఉట్నూరు ప్రాంతంలో ఒకప్పుడు గల్ఫ్ నుండి ఉత్తరం రావాలంటే వారాలు పట్టేది. బ్యాంకు డ్రాఫ్టు కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూస్తూ కూర్చునేవారు. ఇప్పుడు దుబాయిలోనో, రియాద్‌లోనో ఉన్న తండ్రి ప్రతిరాత్రీ బిడ్డ ముఖం చూసి మాట్లాడుతున్నాడు. పంపిన డబ్బు చూస్తుండగానే ఖాతాలో పడుతోంది. ఇది అల్లాహ్ అనుగ్రహమే. అయితే డబ్బు వచ్చే దారిలోనే దొంగ కూడా వస్తున్నాడు. 2024లో సైబర్ మోసాల వల్ల దేశ ప్రజలు పోగొట్టుకున్న సొమ్ము 22,845 కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది.

'అల్లాహ్‌పై భారం వేశాం, ఏమీ కాదు' అని కొందరు అంటుంటారు. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టివేయమనే దైవప్రవక్త (స) బోధించారు. జాగ్రత్త తీసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అది తవక్కుల్‌లో మొదటి మెట్టు.

తొందరే దొంగకు తాళంచెవి

సైబర్ దొంగ వద్ద మంత్రతంత్రాలేమీ లేవు. అతడి ఆయుధాలు మూడే. భయం, ఆశ, తొందర. 'మీ కుమారుడి పేరిట వచ్చిన పార్సిల్‌లో మత్తుపదార్థాలు దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేస్తున్నాం' అని వీడియో కాల్‌లో ఖాకీ దుస్తులవాడు గర్జిస్తాడు. మన దేశ చట్టాల్లో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఏ పోలీసు అధికారీ, ఏ న్యాయమూర్తీ ఫోనులో విచారణ జరిపి డబ్బు పంపమనరు. ప్రధానమంత్రి సైతం 2024 అక్టోబరు 27న తన రేడియో ప్రసంగంలో ఈ విషయమే ప్రస్తావించి ప్రజలను హెచ్చరించారు. పోలీసు పేరు చెప్పగానే వణికిపోయే అమాయకులను, ముఖ్యంగా ముస్లిం పేరు వినగానే ఉగ్రవాదం కేసు అని బెదిరించే దుర్మార్గులను ఎదుర్కోవాలంటే ఈ ఒక్క వాస్తవం ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

రెండవది ఆశ. తక్కువ ఖర్చుతో ఉమ్రా, లాటరీ లేకుండా హజ్ అంటూ ప్రకటనలు వస్తుంటాయి. ప్రభుత్వ కోటాలో హజ్‌కు దరఖాస్తు చేసుకునేది హజ్ కమిటీ ద్వారానే. ప్రైవేటు సంస్థలైతే కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద నమోదై ఉండాలి. సందర్శక వీసాపై హజ్ చేయిస్తామన్నవాడు మోసగాడే. జీవితమంతా కూడబెట్టిన హలాల్ సంపాదనను వాట్సాప్‌లో వచ్చిన రంగుల బొమ్మ చూసి ఎవరికో పంపకండి.

ఉద్యోగాల పేరిట జరిగే మోసం ఇంకా ఘోరమైనది. కంప్యూటర్ ఉద్యోగమని థాయిలాండ్ తీసుకువెళ్ళి, అక్కడి నుండి మయన్మార్‌లోని ముఠాలకు యువకులను అప్పగించారు. వారి చేతనే సైబర్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో భారత వైమానిక దళ విమానాల్లో 500 మందికి పైగా భారతీయులను అక్కడి నుండి స్వదేశానికి చేర్చారు. వారిలో మన తెలంగాణ బిడ్డలూ ఉన్నారు. కనుక ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేముందు, అతడు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదైనవాడో కాదో తప్పక చూసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా విదేశీ ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు.

మూడవది తొందర. 'అమ్మీ, నా ఫోను పోయింది, ఇది స్నేహితుడి నంబరు, వెంటనే ఇరవై వేలు పంపు' అని కుమారుడి గొంతుతోనే కాల్ రావచ్చు. గొంతును అచ్చుగుద్దినట్లు అనుకరించే యంత్రాలు వచ్చాయి. దీనికి విరుగుడు చాలా సులువు. కాల్ కట్ చేసి, మనకు తెలిసిన పాత నంబరుకు మనమే ఫోను చేయాలి. ఇంటివారంతా కలిసి ఒక రహస్య మాట పెట్టుకోవడం మరీ మంచిది. పరదేశంలో ఉన్నవారు డబ్బు అడిగినప్పుడు ఆ మాట చెప్పాలి. చెప్పలేకపోతే అతడు మనవాడు కాడు.

మరొక మాట నానీలకు, దాదీలకు కూడా నేర్పాలి. ఫోనులో డబ్బు రావడానికి పిన్ నంబరు అవసరం లేదు. పిన్ నొక్కామంటే మన డబ్బు పోతున్నట్లే లెక్క. ఓటీపీ అనేది మన ఇంటి గొళ్ళెం. బ్యాంకు మేనేజరే అడిగినా చెప్పనవసరం లేదు.

పెళ్ళి రుక్కాలో దాగిన దొంగ

ఈమధ్య పెళ్ళి రుక్కాలు కూడా వాట్సాప్‌లోనే పంచుతున్నారు. దీన్ని ఆసరా చేసుకుని దొంగలు పెళ్ళి ఆహ్వానం పేరిట ఏపీకే అనే ఫైలు పంపుతున్నారు. పీఎం కిసాన్ సొమ్మనీ, బండి చలానా అనీ, బ్యాంకు కేవైసీ అనీ రకరకాల పేర్లు పెడుతున్నారు. అది కార్డు కాదు, ఒక యాప్. దాన్ని నొక్కి ఇన్‌స్టాల్ చేసి అడిగిన అనుమతులన్నీ ఇచ్చామంటే మన మెసేజీలు, ఓటీపీలు దొంగకు చేరతాయి. మన నంబరు నుండే అదే ఫైలు చుట్టాలందరికీ వెళ్తుంది. చాచా పంపాడు కదా అని వారు తెరుస్తారు. ఇలా ఒకరి అజాగ్రత్త ఖాందాన్ మొత్తాన్ని ముంచుతుంది.

నిజమైన రుక్కా ఫోటోగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో ఉంటుంది. చివర ఏపీకే అని ఉంటే ఎవరు పంపినా తెరవకూడదు. యాప్‌లను ప్లే స్టోర్ నుండి మాత్రమే తీసుకోవాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ అనే చోట రెండంచెల భద్రత ఉంటుంది. అక్కడ ఆరంకెల పిన్ పెట్టుకుంటే, మన వాట్సాప్‌ను వేరొకరు తమ ఫోనులో తెరవడం కష్టమవుతుంది. లింక్డ్ డివైసెస్ అనే చోట మనకు తెలియని కంప్యూటరేదైనా కనిపిస్తే వెంటనే తొలగించాలి. వారానికోసారి, జుమా రోజున గోళ్ళు తీసుకునే వేళ ఈ పని కూడా అలవాటు చేసుకుంటే మరిచిపోము. కంపెనీ పంపే అప్‌డేట్లను వాయిదా వేయకూడదు. అవి గోడకు పడిన కన్నాలను పూడ్చే మరమ్మతులు.

వేలిముద్ర విలువ తెలుసుకోండి

2018లో మన రాష్ట్రంలోని పెద్దపల్లి జిల్లాలో ఒక విచిత్రమైన మోసం బయటపడింది. సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజుల నుండి ప్రజల వేలిముద్రలను సేకరించాడు. వాటితో నకిలీ ముద్రలు తయారుచేసి, వారి ఆధార్ పైనే వేల సంఖ్యలో సిమ్ కార్డులను చలామణిలోకి తెచ్చాడు. ఆ ముద్రల యజమానులకు ఈ సంగతే తెలియదు. ఆ తర్వాతి కాలంలో దేశంలో పలుచోట్ల ఇదే పద్ధతిలో వేలిముద్రలతో బ్యాంకు ఖాతాల నుండి డబ్బు కాజేసిన సంఘటనలు వెలుగు చూశాయి. ఆధార్ ద్వారా డబ్బు తీయడానికి ఓటీపీ అవసరం ఉండదు. ఆధార్ నంబరుతో పాటు వేలిముద్ర ఉంటే చాలు.

మన ప్రాంతంలో గోండు గూడేల నుండి, తండాల నుండి వచ్చే వృద్ధులు, మన మొహల్లాల్లోని పెద్దలు వేలిముద్ర వేసే పింఛను, కూలి డబ్బులు తీసుకుంటారు. యంత్రం 'పని చేయలేదు, మళ్ళీ వేలు పెట్టు' అన్నప్పుడల్లా రసీదు అడగడం వారికి నేర్పాలి. వేలిముద్రతో పని లేనివారు ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోగానీ, యాప్‌లోగానీ బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. జిరాక్సు ఇవ్వవలసిన చోట చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీలో మన పేరిట ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకుని, మనవి కానివాటిపై ఫిర్యాదు చేయవచ్చు.

ఇజాజత్ లేనిదే లోనికి రానివ్వకండి

ఇతరుల ఇళ్ళలోకి అనుమతి అడిగి, సలాం చెప్పి గానీ ప్రవేశించరాదని సూరె నూర్ మనకు నేర్పింది. ఫోనులోని యాప్‌లు కూడా కాంటాక్టులు, ఫోటోలు, మైకు చూడటానికి అనుమతి అడుగుతాయి. మనం చదవకుండానే సరే అని నొక్కేస్తున్నాం. టార్చిలైటు యాప్‌కు మన చుట్టాల నంబర్లతో పనేమిటి?

2020 డిసెంబరులో తెలంగాణను కుదిపివేసిన రుణ యాప్‌ల ఉదంతం మరువరానిది. నిమిషాల్లో అప్పు ఇస్తామన్న ఆ యాప్‌లు ముందుగా కాంటాక్టులు, ఫోటోలు లాగేసుకున్నాయి. అప్పు ఆలస్యమైతే అవమానకరమైన సందేశాలను బంధుమిత్రులందరికీ పంపాయి. ఆ వేధింపులు తాళలేక మన రాష్ట్రంలో కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. వడ్డీ హరామ్ అని తెలిసీ ఆ గుమ్మం తొక్కినవారు పరువును, ప్రాణాన్ని కూడా తాకట్టు పెట్టవలసి వచ్చింది. బంధువుల్లో అవసరం పడినవాడు ఆ యాప్ వైపు చూడకముందే ఖర్జె హసనా ఇచ్చి ఆదుకోవడం ఖాందాన్ పెద్దల బాధ్యత.

ఇజ్జత్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంటి ఆడపిల్లల ఫోటోలను ప్రొఫైల్‌లో అందరికీ కనిపించేలా పెట్టకండి. మరమ్మతుకు ఫోను ఇచ్చేముందు ఫోటోలు వేరేచోట దాచి, ఫోనులోనివి చెరిపివేయండి. అపరిచితుల వీడియో కాల్ ఎత్తకండి. ఒకవేళ పిల్లవాడో, పిల్లో బ్లాక్‌మెయిల్ వలలో చిక్కితే, తల్లిదండ్రులు మొదట కోపం దిగమింగాలి. కొడతారనే భయంతో దాచిన పిల్లలే ఎక్కువ నష్టపోతారు. 'బేటా, ఏం జరిగినా ముందు నాకు చెప్పు' అన్న ఒక్క మాట ఎన్ని తాళాలకన్నా బలమైనది. బెదిరించేవాడికి ఒక్క రూపాయి ఇచ్చినా వాడు మళ్ళీ అడుగుతాడు. సాక్ష్యాలు భద్రపరచి పోలీసులకు చెప్పడమే మార్గం.

విన్నదల్లా పంపకండి

ఫోను వల్ల మనకు జరిగే కీడు ఒకటైతే, మన ఫోను వల్ల ఇతరులకు జరిగే కీడు మరొకటి. 2024లో మన పొరుగు జైనూరులో ఒక ఆదివాసీ సోదరిపై ఘోరమైన దాడి జరిగింది. ఆమెకు న్యాయం జరగాలని కోరడం ప్రతి ముస్లిం విధి. కానీ సెప్టెంబరు 4న అక్కడ చెలరేగిన హింసలో దుకాణాలు తగులబడ్డాయి. కర్ఫ్యూ విధించారు. ఇంటర్నెట్ నిలిపివేశారు. వదంతులు వ్యాప్తి చేయవద్దని పోలీసు ఉన్నతాధికారులు విజ్ఞప్తి చేయవలసి వచ్చింది. తరతరాలుగా ఒకే సంతలో కలిసి బతికిన ఆదివాసీలు, ముస్లింల మధ్య ఒక అబద్ధపు వీడియో ఎంత చిచ్చు పెట్టగలదో మనకు వేరే చెప్పనవసరం లేదు.

వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే విచారించి చూడమని సూరె హుజురాత్ ఆరవ వాక్యం ఆదేశిస్తోంది. తెలియక ఒక జాతికి హాని చేసి, తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని కూడా హెచ్చరిస్తోంది. హజ్రత్ ఆయిషా (రజి)పై మదీనాలో నీలాపనింద పుట్టినప్పుడు, దాన్ని నోటినుండి నోటికి చేరవేసిన ముస్లింలను సూరె నూర్ తీవ్రంగా మందలించింది. నాటి నోటిమాటే నేటి ఫార్వర్డ్. ఎప్పటిదో, ఎక్కడిదో తెలియని వీడియో వస్తే మన దగ్గరే ఆపేద్దాం. అది మన మతం వారికి అనుకూలంగా ఉన్నా సరే.

మోసం జరిగితే ఏం చేయాలి?

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయండి. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతా నుండి మరో ఖాతాకు మార్చేలోగా ఆపగలిగితే తిరిగి దక్కే అవకాశం ఉంటుంది. ఆలస్యమైన ప్రతి గంటా దొంగకు లాభం. వెంటనే బ్యాంకుకు కూడా తెలపండి. మన తప్పుగానీ, బ్యాంకు తప్పుగానీ లేకుండా మూడవ వ్యక్తి వల్ల సొమ్ము పోయినప్పుడు, మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారుపై భారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఆదేశించింది. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం మనదే. అందుకే సిగ్గుపడి దాచడం రెట్టింపు నష్టం.

ఫోను పోతే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, సీఈఐఆర్ ద్వారా ఆ ఫోనును పనిచేయకుండా చేయించవచ్చు. తెలంగాణ పోలీసులు ఈ పద్ధతిలో వేల ఫోన్లను వెతికి యజమానులకు అప్పగించారు. దీనికి ఫోను ఐఎంఈఐ నంబరు కావాలి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ వరుసగా నొక్కితే పదిహేను అంకెల ఆ నంబరు కనిపిస్తుంది. ఈరోజే ఇంట్లో రేషను కార్డు దాచే చోట రాసిపెట్టుకోండి.

మస్జిదుల ఇమాములు జుమా ప్రసంగంలో అయిదు నిమిషాలు ఈ విషయాలకు కేటాయించాలి. మక్తబ్ ఉపాధ్యాయులు పిల్లలకు నేర్పి, వారి ద్వారా ఇంట్లోని పెద్దలకు చేర్చాలి. చదువురాని పొరుగువారు, అది గోండు అవ్వ కావచ్చు, లంబాడీ తాత కావచ్చు, ఫోను చేతికిచ్చి 'ఇదేమిటో చూడు బాబూ' అన్నప్పుడు ఓపికగా చూసి సరైన మాట చెప్పడం కూడా సదఖాయే.

తుది హజ్ సందర్భంగా దైవప్రవక్త (స) ప్రాణం, సొమ్ము, గౌరవం మూడూ పవిత్రమైనవని ప్రకటించారు. ఆ మూడూ నేడు మన అరచేతిలోని ఫోనుతో ముడిపడి ఉన్నాయి. ఈ అమానత్‌ను కాపాడుకునే వివేకాన్ని, ఇతరుల అమానత్‌ను గౌరవించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.