మేలుకొనని యంత్రము

మరునాడు పరీక్ష. వ్రాసికొన్న పాఠములన్నియు ల్యాప్‌టాప్‌లో నున్నవి. విద్యార్థి మీట నొక్కెను. తెర వెలుగలేదు. మరల నొక్కెను. ఫలితము లేదు.

అట్టివేళ కొందఱు మీటను పదేపదే నొక్కుదురు. మఱికొందఱు యంత్రము చెడిపోయినదని నిశ్చయించి కూలబడుదురు. కాని మంచి వైద్యుడు రోగిని చూచినంతనే కత్తి చేపట్టడు. ముందుగా నాడి చూచును. ఈ యంత్రమునకును నాడి కలదు. అది విద్యుత్ప్రవాహము.

ఆ ప్రవాహము గోడలోని సాకెట్టు నుండి బయలుదేరి, అడాప్టరు గుండ యంత్రమును చేరును. ఇంటికి వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. దానిని సుమారు 20 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చుటయే అడాప్టరు పని. ఈ దారిలో ఎచట తెగినను యంత్రము మేలుకొనదు. కావున మొదటి నుండి వరుసగా, ఒక్కొక్క దానినే పరీక్షింపవలెను. ఒకేసారి రెండింటిని మార్చినచో దోషమెచట నుండెనో తెలియదు.

మొదట ఆ సాకెట్టునకే టేబుల్ లాంపును తగిలించి చూడవలెను. అది వెలిగినచో సాకెట్టు మంచిదే. పిమ్మట అడాప్టరు తీగ రెండు కొనలను గట్టిగా నొక్కవలెను. యంత్రముపై ఛార్జింగు దీపము వెలుగుచున్నదో లేదో గమనింపవలెను. వేఱొక అడాప్టరును వాడదలచినచో దానిపై వ్రాసిన వోల్టులు సరిపోవలెను. సరిపడనిది తగిలించుట అపాయకరము. బ్యాటరీ పూర్తిగా అడుగంటినచో అరగంటసేపు ఛార్జింగులో నుంచినగాని కొన్ని యంత్రములు పలుకవు.

అప్పటికిని కదలిక లేనిచో మఱొక ఉపాయము కలదు. లోపలి కెపాసిటర్లలో కొంత విద్యుత్తు నిలిచి, నియంత్రణ వలయము చిక్కుపడుట సంభవించును. అడాప్టరును తీసివేసి, బ్యాటరీ ఊడదీయ వీలున్నచో దానిని కూడ తీసి, మీటను 30 సెకండ్లపాటు నొక్కి పట్టవలెను. పిదప అడాప్టరును మాత్రమే తగిలించి చూడవలెను. పెక్కుమార్లు యంత్రము దీనితోనే మేలుకొనును.

నిద్రించు యంత్రము వేఱు. చూపు పోయిన యంత్రము వేఱు. ఫ్యాను తిరుగుచు తెర మాత్రము నల్లగా నున్నచో విద్యుత్తు చేరినదనియే అర్థము. చీకటిలో టార్చిదీపమును తెరపై ఏటవాలుగా వేయగా బొమ్మ మసకగా కనబడినచో, తెర వెనుకటి వెలుగే ఆరినదని తెలియును. కొన్ని యంత్రములు తమ లోపమును 'బీప్' అను ధ్వనులతో తెలుపును. వానిని లెక్కించి, తయారీదారుల పుస్తకములో అర్థము చూడవలెను.

ఒక్క విషయమున సాహసము తగదు. ల్యాప్‌టాప్‌లలో నుండునది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో విపణికి వచ్చిన ఈ బ్యాటరీ రూపకల్పనకు గాను గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము నందిరి. ఇంతటి ఉపకారియైనను, ఇది ఉబ్బినచో మంట పుట్టింపగలదు. యంత్రము అడుగుభాగము పొంగినచో ఛార్జింగు నాపవలెను. దానిని గుచ్చరాదు, అదుమరాదు. తెలిసిన మరమ్మతుదారునకు చూపవలెను.

యంత్రము మూగవోయినంత మాత్రమున అందలి వ్రాతలు నశింపవు. అవి వేఱుగా డిస్కులో నుండును. పెక్కు యంత్రములలో నిపుణుడు ఆ డిస్కును తీసి వానిని రక్షింపగలడు.

ఆ విద్యార్థి వరుసగా వెదకెను. అడాప్టరు తీగ కొన వదులై యుండెను. బ్యాటరీ అతనికి తెలియకయే అడుగంటెను. కొనను గట్టిగా నొక్కగా చిన్నదీపము వెలిగెను. అరగంటకు తెరయు వెలిగెను. పాఠములు చదువుటకు ముందు అతడు చేసిన మొదటి పని, వానికి వేఱొకచోట మఱొక ప్రతిని దాచుట.