మొదటి ఆటకు ముందు మన పదకొండు మంది

కాలేజీల ఫుట్‌బాల్ పోటీలు దగ్గరికొచ్చినాయి. బంగారుపేట స్టేషను బయట టీ కొట్లో అయినా, రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో అయినా, ఛాంపియన్ రీఫ్ లైన్లలో అయినా నలుగురు కూడితే ఇదే ప్రశ్న: "ఈసారి మనోళ్లు ఎట్లుండారు?" ఎవరికి తోచింది వాళ్లు చెప్తా ఉన్నారు. ఒకాయన కప్పు మనదే అంటాడు. పక్కాయన మొదటి ఆటకే ఇంటికొస్తారు అంటాడు. ఇద్దరూ ప్రాక్టీసు చూసినవాళ్లు కాదు.

మిల్లులో పనిచేసిన మన పెద్దలకు తెలుసు, రాయి మెరుపు చూసి బంగారం లెక్క కట్టేది లేదు. దాన్ని దంచి, నలిపి, పరీక్ష చేసినాకనే టన్నుకు ఎన్ని గ్రాములో తేలేది. జట్టుకూ అదే న్యాయం అనుకొని, రెండు వారాలుగా రోజూ సాయంత్రం మైదానం గట్టున కూచుంటున్నాను. చూసింది చూసినట్టు ఇక్కడ రాస్తున్నాను. పిల్లల పేర్లు రాయను. వాళ్లు మన వీధి బిడ్డలే, మీరే గుర్తుపడతారు.

ముందు, ఈ ఆటకు ఇంత విలువ ఎందుకో ఒక మాట. మన కోలారు జిల్లా కాలేజీలు ఒకప్పుడు బెంగళూరు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2017లో దాన్ని విడదీసినాక, కోలారు దగ్గర తమకలో ఉన్న బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం కిందికి వచ్చినాయి. కాలేజీల పోటీల్లో బాగా ఆడిన కుర్రాడు విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపికైతే, దక్షిణ భారత విశ్వవిద్యాలయాల పోటీలకు పోవచ్చు. ఆ సర్టిఫికెట్టు చేతిలో ఉంటే ఆటగాళ్ల కోటాలో ఉద్యోగాలకు అర్జీ పెట్టుకునే దారి తెరుచుకుంటుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినాక మన ఇళ్లలో ఇట్లాంటి దారులు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇక జట్టు సంగతి.

గోలు దగ్గర

గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. దాన్ని ఒక్క మనిషి కాయాల. మన గోల్‌కీపరు పొడుగు మనిషి, చేతులు గట్టివి. తల మీదుగా వచ్చే బంతిని రెండు చేతులా పట్టి గుండెకు హత్తుకుంటాడు, వదలడు. లోపం ఒక్కటే, నోరు తెరవడు. వెనక నుంచి ఆటంతా కనబడేది అతనికే. "ఎడమ పక్క మనిషి వస్తా ఉన్నాడు" అని బ్యాకులకు అరిచి చెప్పాల్సింది అతనే. ఇంట్లో కూడా మాట తక్కువంట. ఈ పది రోజులూ వాళ్ల ఇంటివాళ్లు అతనితో కాస్త పోట్లాట పెట్టుకుంటే జట్టుకు మేలు.

వెనక వరుస

నలుగురు బ్యాకులు. నడుమ ఇద్దరూ ఒకే లైన్లో పుట్టి పెరిగినవాళ్లు. ఒకడు ముందుకు పోతే రెండోవాడు ఆగుతాడు, ఎవరూ చెప్పనక్కరలేదు. ఎడమ బ్యాకు పొట్టివాడు, అయినా వదిలిపెట్టే రకం కాదు. కుడి బ్యాకుకు ముందుకు ఉరికే అలవాటు ఎక్కువ. బంతి పోగొట్టుకున్నాక తిరిగి వచ్చేదానికి తీరిగ్గా వస్తాడు. పోయినేడు మన మీద రెండు గోల్స్ కొట్టి గెలిచిన జట్టుతోనే ఈసారి మొదటి ఆట. ఆ రెండూ మన కుడి పక్క నుంచి వచ్చినవే. వాళ్లు దాన్ని మరిచిపోయి ఉండరు.

ముందు వరుస

మన పెద్దలు ఇంకా 'రైట్ ఔట్' అనే పిలుచుకునే చోట ఆడే కుర్రాడు జింక. గీత పట్టుకొని ఉరికితే పట్టుకునేవాడు లేడు. కానీ ఎడమ కాలు నేల మీద నిలబడేదానికి తప్ప దేనికీ పనికిరాదు. ఎదుటి బ్యాకు అతన్ని లోపలికి తిప్పినాడంటే కథ ముగిసినట్టే.

ఇక్కడ సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుకొస్తాడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తయారుచేసిన రహీం సాబ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన వాటంలేని కాలుతోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు జరిపించేవాడు. కుడి కాలు వాటమున్నవాడు ఎడమ కాలుతోనే తన్నాల. దానికి ఖర్చు లేదు, సామాను అక్కరలేదు. మన రైట్ ఔట్‌కు పది రోజులు చాలవు కానీ, ఈ సీజను గడిచేలోగా చాలు.

పెనాల్టీ ఎవరు కొడతారు?

ఈ సంగతి ఇంకా తేలలేదు. ప్రాక్టీసులో ముగ్గురు బంతి కోసం పెనుగులాడుకోవడం రెండుసార్లు చూసినాను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం జట్టు, చాలామంది బూట్లు లేకుండానే, ఫ్రాన్సుతో ఆడి 1-2తో ఓడింది. మనకున్న ఒక్క గోల్ కొట్టింది బెంగళూరు సారంగపాణి రామన్. అదే ఆటలో మనకు రెండు పెనాల్టీలు వచ్చినాయి, రెండూ పోయినాయి. ఇద్దరు వేర్వేరు మనుషులు కొట్టినారు. 11 మీటర్ల నుంచి కొట్టే ఆ తన్నుకు కాలి బలం కన్నా ముందే తీసుకున్న నిర్ణయం ముఖ్యం. ఎవరు కొట్టాలో శనివారం రాత్రే కోచ్ చెప్పేయాల. ఆదివారం మైదానంలో వాదన పనికిరాదు.

నడుమ ఆడేవాడు

అసలు గొడవ ఇక్కడుంది. టీ కొట్లో బల్లలు గుద్దుకునేదీ ఇతని గురించే.

ఈ జట్టులో అందరికన్నా ఆట తెలిసిన కుర్రాడు నడుమ ఆడేవాడు. బంతి కాలికి రాకముందే ఎవరికి ఇవ్వాలో అతనికి తెలుసు. కానీ వారంలో నాలుగు రోజులు ప్రాక్టీసుకు రాడు. వచ్చేదానికి వీలు లేదు. నాన్న మంచం పట్టినాక, తెల్లారకముందే మారికుప్పం నుంచి బయలుదేరే బండి ఎక్కుతాడు. ఛాంపియన్, ఊరిగాం, కోరమండల్ దాటి బంగారుపేట వచ్చేసరికే పెట్టెలో కాలు పెట్టే చోటు ఉండదు. అక్కడినుంచి బెంగళూరుకు ఇంకా 70 కిలోమీటర్లు. అక్కడొక గోడౌన్లో మూటలు ఎత్తి, మళ్లీ అదే బండిలో రాత్రికి ఇల్లు చేరతాడు. మిగిలిన రోజుల్లో కాలేజీ, ప్రాక్టీసు.

పోయిన వారం మనలో మనం రెండు జట్లుగా ఆడుకున్న ఆటలో మొదటి గంట అతనే రాజు. చివరి ఇరవై నిమిషాలు నడిచినాడు. అవతలివాళ్లు రెండు గోల్స్ కొట్టింది అప్పుడే. అతన్ని తప్పు పట్టలేం. నిద్ర లేని కాళ్లు ఎంతసేపని ఉరుకుతాయి?

టీ కొట్లో ఒక పక్షం ఇట్లా అంటుంది: "ప్రాక్టీసుకు రానివాణ్ణి మొదటి నుంచి ఆడిస్తే, రోజూ వచ్చే పిల్లోళ్ల ముఖం ఎట్లా చూస్తారప్పా?" రోజూ వచ్చి, మైదానంలో రాళ్లు ఏరి, సున్నంతో గీతలు గీసి, బల్ల మీద కూచునే కుర్రాడు ఒకడున్నాడు. అతనిదీ నడుమ చోటే. వాళ్లు అతని తరఫున మాట్లాడతా ఉన్నారు.

రెండో పక్షానికి పెద్ద, మిల్లులో ముప్పై ఏళ్లు చేసిన ఒక తాత. ఆయన ఎప్పుడూ జకార్తా తీస్తాడు. "1962 ఏషియాడ్ తెలుసునా మీకు? జర్నైల్ సింగ్ బ్యాకు. తల పగిలి కుట్లు పడినాయి. రహీం సాబ్ వాణ్ణి కూచోబెట్టినాడా? ముందు వరుసలో నిలబెట్టినాడు. ఫైనల్లో కొరియా మీద గోల్ కొట్టినాడు. మన తంగరాజ్‌ను చూడు, జబ్బుపడి లేచి ఫైనల్లో గోల్ కాసినాడు. ఆటగాణ్ణి పోగొట్టుకోకూడదప్పా."

తాత చెప్పిందంతా నిజమే. ఆ ఫైనల్ 2-1తో మనం గెలిచినాం. హైదరాబాదు వాడు పీటర్ తంగరాజ్ చివరి ఆటకే తిరిగి గోల్‌లోకి వచ్చినాడు. కానీ ఆ కథలో ఇంకో సగం ఉంది. జర్నైల్‌ను రహీం ఎప్పటి చోట ఉంచలేదు. గాయంతో ఆ మనిషి ఆ రోజు ఏ పని చేయగలడో చూసి, ఆ పనే ఇచ్చినాడు. చోటు మార్చి మనిషిని నిలబెట్టుకున్నాడు.

అందుకని నా మాట ఇది. మన నడుమ ఆడేవాణ్ణి మొదటి నుంచి దించొద్దు. రోజూ వచ్చే కుర్రాడితోనే ఆట మొదలుపెట్టాల. అతనికి బంతితో విద్య తక్కువ, ఊపిరి ఎక్కువ. ఎదుటివాళ్లను మొదటి గంట ఉరికించి అలసిపోయేట్టు చేస్తాడు. చివరి అరగంటకు మనవాణ్ణి దించాల. అప్పటికి అవతలివాళ్ల కాళ్లు బరువెక్కుతాయి, ఇతనివి తాజాగా ఉంటాయి. ఇప్పుడు పెద్ద పోటీల్లో ఒక జట్టు ఐదుగురిని మార్చుకునేదానికి వీలుంది. చివర్లో దిగేవాణ్ణి రెండో రకం ఆటగాడు అనే కాలం పోయింది. రోజూ వచ్చినవాడికి న్యాయం జరుగుతుంది, రాలేనివాడి విద్య వృథా కాదు.

ఈ మాట కోచ్‌తో అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. నిర్ణయం ఆయనదే, అట్లే ఉండాల.

ఇందులో ఇంకొక ముడి ఉంది. ఆట ఆదివారం. ఆ గోడౌన్లో ఆదివారం కూడా పని. ఆ రోజు రాకపోతే సోమవారం రానక్కరలేదని చెప్పినారంట. ఆ కుర్రాడి అమ్మను సంతలో చూసినప్పుడు అడిగినాను. టమాటాలు ఏరుకుంటానే చెప్పింది: "వాడు ఆడాలన్నా. కూలి పోతే వారం దినాలు నేను ఎట్లనో చూసుకుంటా. పని పోతే మాత్రం ఏం చెప్పేది?" నా దగ్గర జవాబు లేదు.

మన చేతిలో ఉన్నది

మనం బయట కూచుని వీడు కావాల, వాడు వద్దు అని తీర్పులు చెప్తాం. జట్టుకు మన తీర్పుల కన్నా అక్కరైనవి వేరే ఉన్నాయి. కోచ్‌ను అడిగి రాసుకున్నవి ఇవి. ఇద్దరి బూట్లు అడుగు విడిపోయినాయి, కుట్టేవాడికి ఇవ్వాల. ప్రాక్టీసు అయినాక పిల్లలు టీ, బన్నుతో సరిపెడుతున్నారు. రోజుకొక లైను వాళ్లు ఉడికించిన గుగ్గిళ్లు, అరటిపండ్లు తెచ్చి ఇవ్వగలిగితే చాలు. రోజూ బండిలో బెంగళూరు పోయే మన మగవాళ్లు, ఆడవాళ్లు ఎంతమందో ఉన్నారు. ఆ కుర్రాడికి ఆదివారం సెలవుండే పని ఎక్కడైనా కంటబడితే చెప్పండి. ఈ ఆటకు అందకపోయినా రెండో ఆటకైనా అందుతుంది.

గెలుస్తామా అని అడిగితే, నా లెక్క ఇది. గోలు దగ్గర మనం వాళ్ల కన్నా మేలు. కుడి పక్క వాళ్లు మన కన్నా మేలు. నడుమ సమానం, అది కూడా చివరి అరగంటకు మనవాడు వస్తేనే. రాకపోతే సమంగా ముగిసినా సంతోషించాల.

మన రాష్ట్రానికి మైసూరు పేరున్నప్పుడు, 1968-69లో సంతోష్ ట్రోఫీ గెలిచినాం. మళ్లీ గెలిచేదానికి 2023 మార్చి దాకా, రియాద్‌లో మేఘాలయతో ఫైనల్ దాకా ఆగాల్సి వచ్చింది. అన్ని ఏళ్లూ ఎవరో ఒకరు ఏదో ఒక మైదానం గట్టున కూచుని పిల్లల ఆట చూస్తానే ఉన్నారు.

ఆదివారం మూడున్నరకు ఆట. ఎండకు గొడుగు, కూచునేదానికి పాత దుప్పటి తెచ్చుకోండి. ఆ కుర్రాడు శనివారం రాత్రి బండి దిగినాక కోచ్‌కు మాట చెప్తానన్నాడు.