బూజు పట్టిన చెక్క, పాలలో దాని జాడ

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు: వెన్న శాతం బాగుంది, లాక్టోమీటరు సరిపోయింది, ఇంకా పరీక్ష దేనికని. న్యాయమైన ప్రశ్నే. గెర్బరు పరీక్ష పాలలోని వెన్నను వేరుచేసి చూపుతుంది. లాక్టోమీటరు సాంద్రత చెబుతుంది. మేత ద్వారా పాలలోకి దిగిన రవ్వంత విషాన్ని మాత్రం ఈ రెండూ పట్టలేవు. దాన్ని పట్టేది లిక్విడ్ క్రొమాటోగ్రఫీ.

రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ ట్స్వెట్ సుద్దపొడి నింపిన గాజు గొట్టంలో ఆకుల రసం పోసి, పైనుంచి ద్రావకం వదిలాడు. ఆకుపచ్చ, పసుపు రంగులు వేర్వేరు పట్టీలుగా విడిపోయాయి. 1906లో ప్రకటించిన ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరుకు గ్రీకులో 'రంగుల రాత' అని అర్థం.

పలాసలో జీడిపప్పును గింజ పరిమాణాన్ని బట్టి గ్రేడు చేస్తారు. ఇక్కడ చూసేది పరిమాణం కాదు, ఏ పదార్థానికి దేనిమీద మోజు అన్నది. టెక్కలి నుంచి పలాసకు నాలుగు పశువులను ఒకేసారి తోలామనుకోండి. దారి పొడవునా పచ్చగడ్డి ఉంది. ఆకలిగొన్నది అడుగడుగునా ఆగుతుంది, కడుపు నిండినది ముందే చేరుతుంది. యంత్రంలో ఆ దారి జానెడు ఉక్కు గొట్టం. అందులో నూనెవంటి పొర పూసిన సన్నని సిలికా పొడి ఉంటుంది. నీరు కలిసిన ద్రావకాన్ని పంపు గట్టి ఒత్తిడితో నెడుతుంది. నీటిని ఇష్టపడేవి ముందు, నూనెపొరను అంటిపెట్టుకునేవి ఆలస్యంగా బయటికొస్తాయి. వచ్చిన వేళను బట్టి పదార్థాన్ని గుర్తిస్తారు. పాలను మాత్రం నేరుగా పోయరు. ముందు వెన్న తీసి, మనం వెతికే విషాన్ని మాత్రమే పట్టుకునే చిన్న గొట్టం గుండా పంపుతారు.

ఆ విషం పేరు అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోగా, కారణం వెతికితే మేతలోని వేరుశనగ పిండికి పట్టిన బూజు బయటపడింది. బూజు చెక్క తిన్న పశువు కాలేయంలో ఈ విషం కొంత మారి, ఎం-1 అనే రూపంలో ఒక్కరోజులోనే పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. మన దేశంలో కిలో పాలకు 0.5 మైక్రోగ్రాము మించరాదు. అంటే పదివేల కిలోల టాంకరులో మొత్తం 5 మిల్లీగ్రాములు! అతినీల కాంతిలో నీలంగా మెరుస్తుంది కనుకనే యంత్రం ఇంత కొంచెాన్ని కూడా చూడగలుగుతోంది. 2018లో కేంద్ర ఆహార భద్రతా ప్రాధికార సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించగా 368 ఈ హద్దు దాటాయి.

మన ఉద్దానానికి ఇది దూరపు సంగతి కాదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానులో పడిపోయిన కొబ్బరి, జీడి చెట్ల లెక్క అందరూ చెబుతారు. అటువంటి వానల్లో తడిసే గడ్డివాముల, చెక్క బస్తాల మాట ఎవరూ ఎత్తరు. మనుషులకు పనికిరానిది పశువుకు పనికొస్తుందనే అలవాటు మనలో ఉంది. చెక్క ధర చూస్తే పారేయడానికి చెయ్యి రాదు, నిజమే. కాని ఎండబెడితే బూజు పెరుగుదల ఆగుతుందే గాని, అప్పటికే చేరిన విషం పోదు.

బస్తాలను నేలమీద కాక చెక్కబల్లల మీద, గోడకు ఎడంగా పేర్చండి. బూజు మేత పెట్టినట్లు తెలిస్తే కార్యదర్శికి ముందే చెప్పి, ఆ పశువు పాలు సంఘం క్యానులో కలపకుండా ఆపండి. మంచి మేతకు మార్చిన నాలుగైదు రోజుల్లో పాలలో ఆ విషం బాగా తగ్గిపోతుంది.