ఫైలు పంక్తులను శ్రేణిలోకి తీసుకోవడం: బాష్ షెల్‌లో పాఠరక్షణ

తెలుగు గ్రంథాల పాఠాలు యూనికోడ్‌లో లభ్యమవుతున్న కొద్దీ, పదసూచికలు, పద్యపాదాల అకారాది పట్టికలు, పాఠభేదాల జాబితాలు తయారుచేసే పనిలో కంప్యూటరు సహాయం తీసుకోవడం పరిశోధకులకు సహజమవుతున్నది. ఇటువంటి పనులకు పెద్ద సాఫ్ట్‌వేరు అవసరం ఉండదు. లినక్స్ యంత్రాలలో సాధారణంగా లభించే బాష్ షెల్‌లో పది పంక్తుల స్క్రిప్టు రాసుకుంటే చాలాసార్లు సరిపోతుంది. అయితే ఆ స్క్రిప్టులో మొదటి మెట్టు ఫైలులోని పంక్తులను ఒక శ్రేణిలోకి తీసుకోవడం. అక్కడ పొరపాటు జరిగితే పాఠం చెడుతుంది, చెడినట్లు షెల్ హెచ్చరించదు. ఆ నష్టం ఎందుకు కలుగుతుందో, దానిని ఎలా నివారించవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆదేశాల పేర్లను ఇక్కడ ఉచ్చారణను బట్టి తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు వాటిని ఆంగ్ల చిన్నబడి అక్షరాలలో రాయాలి.

ప్రోగ్రామర్లు అర్రే అని పిలిచే శ్రేణి అంటే ఒకే పేరు కింద వరుస సంఖ్యలతో నిలిచే విలువల సముదాయం. బాష్‌లో ఆ సంఖ్యలు సున్నతో మొదలవుతాయి. 1979లో యూనిక్స్ ఏడవ వెర్షన్‌తో వచ్చిన బోర్న్ షెల్‌లో శ్రేణులు లేవు. కార్న్ షెల్ వాటిని ప్రవేశపెట్టింది, బాష్ తన రెండవ వెర్షన్‌లో స్వీకరించింది. ఫైలును నేరుగా శ్రేణిగా మార్చే ఆదేశం మాత్రం 2009లో విడుదలైన బాష్ 4.0 వరకు రాలేదు. ఈ ఆలస్యం వల్ల అంతకు ముందరి ఉపాయాలు నేటికీ అనేక స్క్రిప్టులలో కొనసాగుతున్నాయి.

పదవిభజన వల్ల కలిగే నష్టం

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. ఒక నాటకపు ఫైలులో ఐదు పంక్తులు ఉన్నాయనుకోండి. మొదటిది "మొదటి అంకం". రెండవది ఖాళీ పంక్తి. మూడవది "తెర లేచింది". నాలుగవది రంగం మారినట్లు సూచించే "* * *". ఐదవది "తెర పడింది".

పాత పద్ధతిలో కాట్ ఆదేశం ఇచ్చే ఫలితాన్ని ఉద్ధరణ చిహ్నాలు లేకుండా కుండలీకరణాలలో పెట్టి శ్రేణికి అప్పగిస్తారు. అప్పుడు షెల్ రెండు పనులు చేస్తుంది. మొదట ఖాళీ, ట్యాబు, పంక్తిభంగం కనిపించిన ప్రతిచోటా పాఠాన్ని విడగొడుతుంది. దీనిని పదవిభజన అనవచ్చు. తరువాత, విడిపోయిన ముక్కలలో నక్షత్ర గుర్తు, ప్రశ్నార్థకం వంటివి ఉంటే వాటిని ఫైలు పేర్ల నమూనాలుగా భావించి, ప్రస్తుత డైరెక్టరీలో సరిపోయే పేర్లను ఆ స్థానంలో ఉంచుతుంది. డైరెక్టరీలో నాలుగు ఫైళ్లు ఉంటే మూడు నక్షత్రాలకు పన్నెండు ఫైలు పేర్లు వస్తాయి. మిగిలిన ఆరు మాటలతో కలిపి శ్రేణిలో పద్దెనిమిది అంశాలు చేరతాయి. ఐదు పంక్తుల నాటకం పద్దెనిమిది ముక్కలైంది, అందులో పన్నెండు నాటకానివే కావు!

దీనికి చాలామంది చెప్పే విరుగుడు ఐఎఫ్ఎస్ అనే చరరాశిలో పంక్తిభంగాన్ని మాత్రమే ఉంచడం. ఇది సగం మందు. మాటలు విడిపోవు గాని ఖాళీ పంక్తి అదృశ్యమవుతుంది. పంక్తిభంగం కూడా ఖాళీ వర్గానికి చెందిన విభాజకమే కాబట్టి వరుసగా వచ్చిన రెండింటిని షెల్ ఒక్కటిగా లెక్కిస్తుంది. శ్రేణిలో నాలుగే అంశాలు మిగులుతాయి. పద్యసంకలనంలో పద్యానికీ పద్యానికీ మధ్య హద్దును తెలిపేది ఆ ఖాళీ పంక్తే అయినప్పుడు, ఒక పద్యపు నాలుగవ పాదానికి తరువాతి పద్యపు మొదటి పాదం అతుక్కుపోతుంది. ఆపైన చేసే లెక్క ఏదైనా తప్పే అవుతుంది.

తాళపత్రాలలో మాటల మధ్య ఖాళీ విడిచే అలవాటు లేదు. పదవిభజన పరిష్కర్త బాధ్యత, ఆయన అర్థాన్ని చూసి విడదీస్తాడు. షెల్‌కు అర్థంతో పని లేదు. అది ఆదేశాలను విడదీయడానికి పుట్టిన అలవాటును గ్రంథపాఠం మీద కూడా ప్రయోగిస్తుంది. ఆ అలవాటును దాటించి పాఠాన్ని లోపలికి తేవడమే ఇక్కడి సమస్య.

మ్యాప్‌ఫైల్ ఆదేశం

బాష్ 4.0లో వచ్చిన మ్యాప్‌ఫైల్ ఈ సమస్యను సూటిగా పరిష్కరిస్తుంది. దీనికే రీడ్‌అర్రే అనే మారుపేరు ఉంది. ఆదేశం పేరు, చిన్న గీతతో టీ అనే ఐచ్ఛికం, శ్రేణి పేరు, ఎడమవైపు తిరిగిన బాణం గుర్తు, ఉద్ధరణ చిహ్నాలలో ఫైలు పేరు: ఇంతే. పదవిభజన జరగదు, నక్షత్రాలు నక్షత్రాలుగానే ఉంటాయి, ఖాళీ పంక్తి ఖాళీ అంశంగా నిలుస్తుంది. మన నాటకం ఐదు అంశాలుగానే వస్తుంది. టీ ఐచ్ఛికం ప్రతి పంక్తి చివరి పంక్తిభంగాన్ని తొలగిస్తుంది. దానిని మరచిపోతే ఆ గుర్తు ప్రతి అంశానికీ అంటుకొని ఉండి, రెండు పంక్తులను పోల్చినప్పుడు సమానమైనవి కూడా వేరుగా తేలవచ్చు.

శ్రేణిని సరిగా నింపినా, తిరిగి వాడేటప్పుడు ఉద్ధరణ చిహ్నాలు లేకపోతే పదవిభజన మళ్లీ మొదలవుతుంది. అన్ని అంశాలను సూచించే ఎట్ గుర్తుతో కూడిన రూపాన్ని ఎప్పుడూ జంట ఉద్ధరణ చిహ్నాలలోనే రాయాలి.

మరొక చిక్కు పైపుతో వస్తుంది. సార్ట్ ఆదేశంతో పంక్తులను అకారాదిగా అమర్చి, ఫలితాన్ని పైపు ద్వారా మ్యాప్‌ఫైల్‌కు పంపితే, తరువాతి పంక్తిలో శ్రేణి ఖాళీగా కనిపిస్తుంది. పైపులోని ప్రతి భాగాన్ని బాష్ ఒక ఉపషెల్‌లో నడుపుతుంది. అక్కడ నిండిన శ్రేణి ఆ ఉపషెల్‌తోనే ముగిసిపోతుంది. పైపుకు బదులు ప్రక్రియా ప్రతిక్షేపం వాడాలి. అంటే బాణం గుర్తు, ఖాళీ, మళ్లీ బాణం గుర్తు, దానికి ఆనుకొని కుండలీకరణాలలో సార్ట్ ఆదేశం. రెండు బాణాల మధ్య ఖాళీ తప్పనిసరి.

ఏ పద్ధతి వాడినా చివర ఒక పరీక్ష చేయడం మంచిది. శ్రేణిలోని అంశాల సంఖ్యను డబ్ల్యుసీ ఆదేశం చెప్పే పంక్తుల సంఖ్యతో పోల్చాలి. ఒకటి తేడా వస్తే కంగారు పడనవసరం లేదు. డబ్ల్యుసీ లెక్కించేది పంక్తిభంగాలను. చివరి పంక్తి తరువాత పంక్తిభంగం లేకపోతే అది నాలుగు అంటుంది, మ్యాప్‌ఫైల్ ఐదు అంటుంది. మ్యాప్‌ఫైలే సరి.

కంటికి కనిపించని గుర్తులు

విండోస్‌లో తయారైన ఫైలులో ప్రతి పంక్తి చివర పంక్తిభంగానికి ముందు క్యారేజ్ రిటర్న్ అనే మరో గుర్తు ఉంటుంది. టీ ఐచ్ఛికం దానిని తొలగించదు. కొన్ని ఎడిటర్లు ఫైలు ఆరంభంలో మూడు బైట్ల సంకేతాన్ని చేరుస్తాయి. అది శ్రేణిలోని మొదటి అంశానికి అంటుకొని, మొదటి పాదాన్ని సూచికలో వెతికితే దొరకకుండా చేస్తుంది. రెండింటినీ ముందే తొలగించుకోవాలి.

శ్రేణిలోకి వచ్చిన తెలుగు పంక్తి పొడవును షెల్ చేత కొలిపించేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. "తెలుగు" అన్న మాటలో మనకు మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి ఆరు. యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. భాషాపరమైన లొకేల్ అమరిక యూటీఎఫ్-8 అయితే బాష్ ఆరు అంటుంది, సీ అనే మూల లొకేల్ అయితే పద్దెనిమిది అంటుంది. మూడు అని ఎన్నడూ అనదు. కాబట్టి గణవిభజన, యతిప్రాసల పరిశీలన వంటివి షెల్‌కు అప్పగించరాదని నా అభిప్రాయం. పంక్తులను భద్రంగా చేర్చే వరకే దాని పని.

పాత వెర్షన్లలో

ఆపిల్ కంప్యూటర్లతో వచ్చే బాష్ 3.2 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అందులో మ్యాప్‌ఫైల్ లేదు. అక్కడ వైల్ ఆవృత్తంలో రీడ్ ఆదేశంతో ఒక్కొక్క పంక్తినీ చదివి శ్రేణికి చేర్చాలి. రీడ్‌కు ముందు ఐఎఫ్ఎస్‌ను శూన్యం చేస్తే పద్యపాదాల ఆరంభంలో విడిచిన ఖాళీలు నిలుస్తాయి. ఆర్ ఐచ్ఛికం ఇస్తే వెనుకగీతలు చెడవు. చివరి పంక్తికి పంక్తిభంగం లేనప్పుడు రీడ్ విఫలమైనట్లు సూచిస్తుంది కాబట్టి, చరరాశిలో ఏమైనా మిగిలిందా అన్న పరీక్షను ఆవృత్తపు షరతుకు జోడించాలి. లేకపోతే గ్రంథపు చివరి పంక్తి, తరచుగా గద్యో ముగింపు వాక్యమో, రాలిపోతుంది.

2019 నుంచి ఆ కంప్యూటర్లలో సహజంగా తెరుచుకునేది జెడ్ షెల్. అందులో శ్రేణి సంఖ్యలు ఒకటితో మొదలవుతాయి. బాష్ కోసం రాసిన స్క్రిప్టును అక్కడ నడిపితే సున్నవ అంశం కోసం చేసిన అన్వేషణకు శూన్యమే దక్కుతుంది. అందుచేత స్క్రిప్టు మొదటి పంక్తిలోనే బాష్ పేరును స్పష్టంగా నిర్దేశించాలి. అక్కడ ఎస్‌హెచ్ అని మాత్రమే రాస్తే డెబియన్, ఉబుంటులలో డ్యాష్ అనే చిన్న షెల్ నడుస్తుంది. దానిలో శ్రేణులే లేవు కనుక అది శ్రేణిని నిర్వచించే పంక్తి దగ్గరే వాక్యనిర్మాణ దోషం చూపి ఆగిపోతుంది.