రంగు కంటే ముందు రేఖ

కాచిగూడలో బెంగళూరు వైపు వెళ్ళే రాత్రి రైలెక్కితే తెల్లవారుజాముకు హిందూపురం చేరవచ్చు. అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. వీరభద్రస్వామిని దర్శించినవారు వేలాడే స్తంభం క్రింద వస్త్రం దూర్చి చూచి, బసవన్నకు నమస్కరించి తిరుగుముఖం పడతారు. తలయెత్తి కప్పును చూచేవారు తక్కువ.

అచ్యుతదేవరాయల పాలనాకాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు విస్తరించిన ఈ ఆలయపు కప్పులపై పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వటపత్రశాయి దర్శనమిస్తాయి. గారపూత మీద ముందు ఆకృతిని గీతతో నిర్ణయించి, కావి, పసుపు, ఆకుపచ్చ, తెలుపు వర్ణాలు నింపి, నల్లని రేఖతో తీర్చిదిద్దారు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ప్రకారం ఆచార్యులు మెచ్చేది రేఖను. రంగులను కోరేది సామాన్యులు. రంగు వెలిసిన చోట ఆ గీతను చూడండి, ఎక్కడా తడబాటు కనిపించదు. గీసిన చేతుల పేర్లు మాత్రం మనకు అందలేదు.

అదే శతాబ్దంలో రోమునగరపు సిస్టీన్ ప్రార్థనామందిరం కప్పును మైకేలాంజెలో చిత్రించాడు (1508-1512). అక్కడివారు బొమ్మను ముందుగా కాగితంపై నిండు పరిమాణంలో గీసి, గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచి, తడిగారకు ఆనించి బొగ్గుపొడి అద్దేవారు. మన ఇళ్ళలో చిల్లుల పళ్ళెంతో ముగ్గు వేసినట్లే! 1564లో మరణానికి ముందు ఆయన తన చిత్తుచిత్రాలను చాలావరకు కాల్చివేశాడంటారు. మిగిలినవాటిని ఐరోపా ప్రదర్శనశాలలు నేటికీ కంటికి రెప్పలా కాపాడుతున్నాయి.

ఇక నా సంగతి చెప్పక తప్పదు. యౌవనంలో నేను అర్చకత్వం నెరపిన ఒక ఆలయంలో ముఖమండపం కప్పుపై మసిబారిన గీతలుండేవి. కుంభాభిషేకానికి ముందు సున్నం కొట్టిద్దామా అని ధర్మకర్తలు అడిగితే, "శుభ్రంగా ఉంటుంది" అన్నది నేనే. ఉత్సవంనాడు ఒక వృద్ధ స్థపతి వచ్చి, కప్పుకేసి చాలాసేపు చూచి, "ఇక్కడ పట్టాభిషేకం ఉండేది కదా స్వామీ?" అన్నాడు. నేను తీర్థపాత్ర పట్టుకొని గర్భాలయంలోకి వెళ్ళిపోయాను.

మీ గ్రామంలో జీర్ణోద్ధరణ తలపెడితే, సున్నపు బక్కెట్టు మండపంలోకి రాకముందే ఒక దీపం తెచ్చి కప్పును వెదకండి. గీత ఏదైనా కనబడితే ఫొటో తీయించి, పురావస్తు శాఖవారికి తెలియజేయండి. వారు వచ్చి చూచేదాకా పని ఆపించండి. ముహూర్తం మించిపోతుందని మీ అర్చకులు అభ్యంతరం చెబితే, మరొక ముహూర్తం పెట్టమనండి. పంచాంగంలో ముహూర్తాలకు కొదవ లేదు.