సముద్రం దాటిన గాలపు చెలిమి

ఒకే వ్యసనం గలవారికి స్నేహం త్వరగా కుదురుతుందని పెద్దలు చెబుతారు. చదరంగపు బల్లకు చెరొక వైపున కూర్చున్న ఇద్దరికి ఊరూ పేరూ అడిగి తెలుసుకోవలసిన అవసరం ఉండదు. కాని వేటగాళ్ళ విషయంలో ఈ మాట అంత సులభంగా నమ్మదగినది కాదు. వేటగాడు స్వభావం చేతనే రహస్యం దాచుకొనేవాడు. పెద్ద చేప ఏ మడుగులో ఉన్నదో, ఏ ఎరకు లొంగుతుందో తెలిసినవాడు ఆ సంగతిని తోడబుట్టినవానికి చెప్పడానికైనా సంకోచిస్తాడు. అటువంటివాడు తాను ఎన్నడూ చూడని పరదేశీయునికి తన విద్యనంతా విప్పి చెప్పాడంటే, ఆ చెలిమి వెనుక ఏమున్నదో విచారించవలసిందే.

పందొమ్మిదో శతాబ్దం చివరి రోజులలో జర్మనీ, ఇంగ్లండు, అమెరికా దేశాల గాలపు వేటగాళ్ళ మధ్య ఇటువంటి చెలిమి వర్ధిల్లింది. అందులో ఒకరు చేప గ్రుడ్లు పంపారు. మరొకరు ఈకలు చుట్టిన కొక్కేలు పంపారు. ఈ రెండు కానుకలూ కలిసి ఒక ఖండంలోని ఏళ్ళ స్వరూపాన్నే మార్చివేశాయి.

వీరందరినీ కలిపింది ట్రౌటు అనే చేప. అది చల్లగా, తేటగా పారే నీటిలో బ్రతుకుతుంది. నీటిలో పెరిగే పురుగులూ, నీటిపై వాలే రెక్కల పురుగులూ దానికి ముఖ్యమైన ఆహారం. అందుచేత ఈ వేటలో నిపుణులు కొక్కేనికి వానపామును గ్రుచ్చరు. కోడిమెడ ఈకలు, పట్టుదారం, జంతువుల బొచ్చు చుట్టి, పురుగును పోలిన చిన్న బొమ్మను తయారు చేస్తారు. దానికి వారు పెట్టుకొన్న పేరు ‘ఈగ’. చేపను నమ్మించగలిగేటంత సహజంగా ఆ ఈగను నీటిపై వాల్చడంలోనే వారి నేర్పంతా ఉన్నది.

అమెరికా తూర్పు ప్రాంతపు సెలయేళ్ళలో ఆ దేశానికి సహజమైన వాగు ట్రౌటు ఒకటి ఉండేది. అది మిక్కిలి అందమైన చేప. మిక్కిలి సుకుమారమైనది కూడా. నీరు ఏమాత్రం వేడెక్కినా తాళలేదు. న్యూయార్కు రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండలలో తోళ్ళు పదును చేసే కార్ఖానాల కోసం హెమ్లాక్ చెట్లను నరికి బెరడు ఒలిచారు. నీడ పోయిన వాగులు వేడెక్కాయి. కార్ఖానాల మురికి వాటిలో కలిసింది. వాగు ట్రౌటు క్రమంగా క్షీణించసాగింది.

ఆ పరిస్థితులలో 1880లో బెర్లిన్ నగరంలో అంతర్జాతీయ మత్స్య ప్రదర్శన జరిగింది. దానికి అమెరికా పక్షాన వెళ్ళినవారిలో ఫ్రెడ్ మేథర్ అనే మత్స్య నిపుణుడు ఒకడు. అక్కడ జర్మన్ మత్స్య సంఘం అధ్యక్షుడైన బేరన్ ఫాన్ బేర్‌తో ఆయనకు పరిచయమైంది. ఇద్దరూ గాలం పట్టినవారే కావడం చేత ఆ పరిచయం ఉపన్యాసాలతో, విందులతో ఆగిపోలేదు. జర్మనీ అడవుల సెలయేళ్ళలో మేథర్ అక్కడి గోధుమరంగు ట్రౌటును గాలానికి పట్టి చూశాడు. అది కపటం తెలిసిన చేప. గట్టిగా పోరాడే చేప. కొంత వెచ్చని నీటినైనా సహించగల చేప. తన దేశపు ఏళ్ళకు ఇది తగినదని ఆయనకు తోచింది.

మేథర్ కోరికను మిత్రుడు మరచిపోలేదు. 1883 ఫిబ్రవరిలో ఫాన్ బేర్ పంపిన సుమారు 80,000 గ్రుడ్లు ‘వెర్రా’ అనే ఓడపై న్యూయార్కు రేవు చేరాయి. చేప గ్రుడ్లను సముద్రం దాటించడం సామాన్యమైన పని కాదు. గ్రుడ్డులో పిల్ల కన్ను నల్లని చుక్కగా కనిపించే దశ వచ్చిన తరువాతనే అది ప్రయాణపు కుదుపులను తట్టుకొంటుంది. అప్పుడు వాటిని తడిపాచి మధ్య పరచి, మంచుగడ్డల చల్లదనంలో తీసుకొనిపోవాలి. వేడి తగిలితే పిల్లలు అకాలంలో బయటపడతాయి. తడి ఆరితే చనిపోతాయి. మన కాశ్మీరానికి ట్రౌటు వచ్చిన వృత్తాంతమే ఇందుకు సాక్ష్యం. ఇంగ్లండు నుండి బెడ్‌ఫర్డు ప్రభువు కానుకగా పంపిన గ్రుడ్లు 1899లో దారిలోనే నశించాయి. 1900లో మరల పంపినవి బ్రతికి అక్కడి ఏళ్ళలో నిలదొక్కుకొన్నాయి.

మేథర్ ఆ గ్రుడ్లను తన అధీనంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ కేంద్రంలో కొన్ని పొదిగించి, తక్కినవాటిని మరి రెండు కేంద్రాలకు పంపాడు. మరుసటి యేడు, 1884లో, మిషిగన్ రాష్ట్రపు ఏటిలో పిల్లలను వదిలారు. కొంతకాలం అమెరికా వేటగాళ్ళు ఈ చేపను ‘ఫాన్ బేర్ ట్రౌటు’ అనే పిలిచారు. ఒక మిత్రుని పేరు చేపకు పెట్టడం కంటె గాలపు వేటగాడు చేయగల సత్కారం వేరే ఏమున్నది?

అయితే క్రొత్త చేప వెంటనే అందరి మన్ననా పొందలేదు. అది పాత ఈగలకు లొంగలేదు. తక్కిన చేపలను మ్రింగివేస్తుందని నింద కూడా మోసింది. దానిని పట్టడానికి క్రొత్త విద్య కావలసి వచ్చింది. ఆ విద్య ఇంగ్లండులో ఉన్నది.

దక్షిణ ఇంగ్లండులో సుద్దనేలల మీద నెమ్మదిగా పారే ఏళ్ళ ఒడ్డున ఫ్రెడరిక్ హాల్ఫర్డు అనే సంపన్నుడు, నీటిలో మునగక పైన తేలే ఈగలతో ట్రౌటును పట్టే పద్ధతిని శాస్త్రంగా రూపొందించాడు. 1886లో ఒకటి, 1889లో ఒకటి ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. అప్పటికి అమెరికాలో థియోడర్ గోర్డన్ అనే వేటగాడు క్యాట్‌స్కిల్ ఏళ్ళపై మక్కువతో రోజులు గడుపుతున్నాడు. 1854లో పిట్స్‌బర్గులో పుట్టిన ఆయన శరీరం దుర్బలమైనది. చివరకు క్షయవ్యాధియే ఆయనను బలిగొన్నది. హాల్ఫర్డు పద్ధతిపై కుతూహలంతో గోర్డన్ సముద్రం ఆవలకు ఉత్తరం వ్రాశాడు.

1890 ఫిబ్రవరి 22వ తేదీ గల జవాబు వచ్చింది. దానితో పాటు హాల్ఫర్డు తాను వాడే తేలే ఈగల నమూనాలను జత చేసి పంపాడు. ముక్కూ ముఖమూ ఎరుగని మనిషికి, ఎన్నో యేళ్ళ పరిశీలన ఫలాన్ని ఒక కవరులో పెట్టి పంపడం చిన్న సంగతి కాదు.

గోర్డన్ ఆ ఈగలను నెత్తిన పెట్టుకొని పూజించి ఊరుకొంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది. ఆయన వాటిని విప్పి చదివాడు. అవి ఇంగ్లండు ఏటి పురుగులకు ప్రతిరూపాలు. క్యాట్‌స్కిల్ వాగులలోని పురుగులు వేరు. అక్కడి నీరు మందగామిని. ఇక్కడి నీరు రాళ్ళపై దూకే ప్రవాహం. కనుక ఆయన తన ఏటి పురుగుల రంగూ పరిమాణమూ గమనించి, బిరుసైన కోడిమెడ ఈకలతో, తేలికైన దేహంతో క్రొత్త ఈగలు చుట్టాడు. ‘క్విల్ గోర్డన్’ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈగ అట్లా పుట్టినదే. గురువు ఇచ్చిన ఒరవడిని దిద్దుకొని, ఆ తరువాత సొంత దస్తూరిని సంపాదించుకొన్న విద్యార్థి వంటివాడు గోర్డన్.

ఇంగ్లండులో ఆయనకు మరొక మిత్రుడు దొరికాడు. ఆయన జి. ఇ. ఎం. స్క్యూస్, లండను న్యాయవాది. చేప ఎక్కువగా నీటి లోపలి పురుగులనే తింటుంది గనుక, మునిగే ఈగను నిషేధించడం అసంబద్ధమని వాదించి, 1910లో గ్రంథం ప్రకటించి, హాల్ఫర్డు అనుయాయుల ఆగ్రహానికి పాత్రుడైనవాడు. సిద్ధాంతంలో హాల్ఫర్డుకు ఎదురు నిలిచిన ఈయనతోనూ గోర్డన్ ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపాడు. సముద్రానికి ఇవతల నుండి చూచినవానికి ఆ రెండు పక్షాలలోని సత్యమూ కనిపించింది కాబోలు! గోర్డన్ ఇంగ్లండు వెళ్ళలేదు. ఈ మిత్రులు ఒకరి కంఠం ఒకరు విన్నదీ లేదు.

హాల్ఫర్డు 1914లోను, గోర్డన్ 1915లోను మరణించారు. గోర్డన్ మరణించేనాటికి ఇంగ్లండూ జర్మనీ మహాయుద్ధంలో మునిగి ఉన్నాయి. 1917లో అమెరికా కూడా అందులో దిగింది. జర్మనీ నుండి వచ్చిన చేప మాత్రం అమెరికా ఏళ్ళలో ఇంగ్లండు పద్ధతి ఈగలకు పడుతూనే ఉన్నది. గోర్డన్ లేఖలూ వ్యాసాలూ 1947లో గ్రంథ రూపంలో వెలువడ్డాయి. తన మిత్రుని మాటలను అచ్చులో చూచే భాగ్యం స్క్యూస్‌కు దక్కింది. ఆయన 1949 వరకు జీవించాడు. గోర్డన్ నివసించిన నెవర్‌సింక్ నదీ తీరం 1950 దశకంలో న్యూయార్కు నగరపు మంచినీటి జలాశయం క్రింద మునిగిపోయింది.

ఈ చెలిమిని పొగడి ఊరుకొంటే సత్యంలో సగమే చెప్పినట్లవుతుంది. మిత్రుడు ప్రేమతో పంపిన చేప, ఆ నీటిలో అనాదిగా బ్రతికిన వాగు ట్రౌటును చాలచోట్ల వెనుకకు నెట్టింది. లోకంలో అధికంగా హాని చేసే 100 పరాయి జాతుల పట్టికలో నేడు గోధుమరంగు ట్రౌటు కూడా ఉన్నది. దేశీయమైన చేపలను తిరిగి నిలుపడానికి కొన్ని ఏళ్ళలో దీనిని తొలగిస్తున్నారు కూడా. పంపినవానికీ, అందుకొన్నవానికీ కీడు చేసే తలంపు లేదు. కాని ఆ కానుక విషయంలో ఏటిని అడిగినవారు లేరు.

ఈ రెండు కానుకలనూ ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే ఒక భేదం కనిపిస్తుంది. చేపను ఉన్నదున్నట్లుగా తెచ్చి నీటిలో వదిలారు. అది తన దారిన తాను పెరిగి, ఇంటివారిని తరిమింది. ఈగను మాత్రం గోర్డన్ తన ఏటిని అడిగి మార్చుకొన్నాడు. దానివలన ఎవరికీ చోటు తరగలేదు. ఒక దేశం మరొక దేశం నుండి చేప నేర్చుకొన్నా, పాఠం నేర్చుకొన్నా ఈ భేదం మనసులో ఉంచుకోదగినది. ఇచ్చేవాడు దాచుకోకుండా ఇవ్వాలి. పుచ్చుకొనేవాడు తన నీటి లోతు తెలుసుకొని పుచ్చుకోవాలి.